వేట ఆగినా తగ్గని ఏటవాలు

ఖమ్మం మైదానం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు సాగేకొద్దీ పొలాలు పలచబడి అడవి చిక్కబడుతుంది. గోదావరి దాటి చింతూరు, వరరామచంద్రపురం మండలాలకు చేరేసరికి నేల తూర్పు కనుమలుగా లేచి నిలబడుతుంది. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా విల్లంబులతో, వలలతో, ఉచ్చులతో వేటాడిన ప్రాంతమిది. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ కొండరెడ్లపై 1945లో ప్రచురించిన గ్రంథం పేరులోనే ఈ కొండలను అడవిదున్నల కొండలన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. అటవీ హక్కులను గుర్తించిన 2006 చట్టం కూడా సంప్రదాయ హక్కుల జాబితా నుంచి వేటను, ఉచ్చులు పెట్టి జంతువులను పట్టడాన్ని స్పష్టంగా మినహాయించింది. అయితే ఒకప్పుడు వేటగాడి కాళ్లను పరీక్షించిన ఏటవాలు ఇప్పుడు తునికాకు కోసేవారిని, ఇప్పపూలు ఏరేవారిని, అటవీశాఖ వాచర్లను, బీటు అధికారులను అదే తీరుగా పరీక్షిస్తున్నది కనుక, వయసు పైబడిన దేహం కొండను ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్న చట్టంతో ముగిసిపోలేదు.

వేసవి చివర, తొలకరికి ముందు కోయలు జరుపుకునే విజ్జ పండుంలో, అంటే విత్తనాల పండుగలో, ఊరి మగవాళ్లంతా కలిసి అడవికి వేటకు వెళ్లడం ప్రధానమైన ఆచారం. ఖాళీ చేతులతో తిరిగి వచ్చినవారికి ఆడవాళ్ల ఎగతాళి తప్పేది కాదు. ఈ మూకుమ్మడి వేటలో కొందరు కేకలు వేస్తూ పొదలను కొట్టి జంతువును తరిమితే, మరికొందరు అది వచ్చే దారిలో కాపు వేసి కూర్చునేవారు. మొదటి పనికి ఊపిరి, కాలి సత్తువ కావాలి, రెండవదానికి ఓర్పు, గాలివాటం తెలియడం, జంతువు ఏ వాగు వెంట దిగుతుందో ముందే ఊహించగలగడం కావాలి. వయసు మొదటిదాన్ని తీసుకుపోతూ రెండవదాన్ని ఇస్తుంది. ఈ రెంటి లెక్క ఎక్కడ సరిపోతుందో తేల్చడానికి ప్రపంచంలోని 40 ప్రాంతాల నుంచి 1800 మందికి పైగా వేటగాళ్లకు సంబంధించిన సుమారు 23,000 వేట నమోదులను పరిశీలించిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. వేటగాడి నైపుణ్యం సగటున 30 నుంచి 35 ఏళ్ల మధ్య శిఖరానికి చేరుతుందని, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు ఉన్నత స్థాయిలోనే నిలుస్తుందని అందులో తేలింది. అంతకన్నా విలువైన విషయం మరొకటుంది: ఒకే చోట ఉండే వేటగాళ్ల మధ్య తేడాలు ఎవరు ఎంత త్వరగా ఎదిగారన్న దాని కన్నా ఎవరు ఎంత వేగంగా తగ్గారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడ్డాయి. అడవిలో పుట్టినవారికి ముసలితనం రాదన్న మాట పట్నవాసుల కల్పన. అది అందరికీ వస్తుంది, అయితే ఒకే వేగంతో రాదు.

ఆ వేగాన్ని నిర్ణయించేవాటిలో ముఖ్యమైనది కండరం. ముప్ఫై ఏళ్లు దాటాక ప్రతి దశాబ్దంలోనూ కండరాల రాశి 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతుందని, అరవై తర్వాత ఆ తరుగుదల మరింత పెరుగుతుందని వైద్యుల అంచనా. ఇలా వయసుతో కండ, దాని బలం కరిగిపోవడాన్ని సార్కోపీనియా అంటారు. కండరంలోని పోగుల్లో నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేవి కొన్ని, క్షణంలో బలంగా ముడుచుకునేవి కొన్ని ఉంటాయి. వయసుతో ముందుగా క్షీణించేవి ఈ రెండవ రకం పోగులే. కాలికింద రాయి జారినప్పుడు రెప్పపాటులో రెండో కాలు ముందుకు వేసి దేహాన్ని నిలబెట్టేవి కూడా అవే కావడంతో, పది కిలోమీటర్లు అలసట లేకుండా నడవగలిగిన అరవై ఏళ్ల మనిషి ఒక తడి బండ మీద పడిపోవడంలో వింతేమీ లేదు. ఊపిరి సంగతి కొంత నయం. శ్రమలో శరీరం గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు పరిమాణం కదలిక తక్కువగా ఉన్నవారిలో పదేళ్లకు సుమారు పదో వంతు చొప్పున తగ్గుతుంది, కఠినమైన శ్రమను మానకుండా కొనసాగించేవారిలో ఆ తగ్గుదల అంత వేగంగా ఉండదు.

కొండ అనగానే అందరూ ఎక్కడం గురించే ఆలోచిస్తారు. నిజానికి వయసు బయటపడేది దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరం ముడుచుకుంటూ దేహాన్ని పైకి నెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఆయాసం వస్తుంది, మనిషి తనంతట తానే ఆగుతాడు. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బరువును నిలువరించాలి. సాగుతూ బిగుసుకునే ఈ పనిని ఎక్సెంట్రిక్ సంకోచం అంటారు. దీనికి ఖర్చయ్యే శక్తి తక్కువ కనుక ఆయాసం రాదు, హెచ్చరికా ఉండదు. కాని కండరపు పోగుల్లో సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి తీవ్రమవుతుంది. పట్టు తప్పిన తొడ మోయలేని బరువు మోకాలి కీలుమీద పడుతుంది. ఆకుల మోపుతోనో, పూల గంపతోనో దిగేవారి సంగతి చెప్పనక్కరలేదు. అయితే ఈ కండరానికి ఒక మంచి గుణం ఉంది: ఒకసారి తగు మోతాదులో దిగుడు నడకకు గురైతే, తర్వాత కొన్ని వారాలపాటు అదే శ్రమ దానికి అంతటి గాయం చేయదు. చాలాకాలం విరామం తర్వాత ఒక్కసారిగా కొండకు వెళ్లినవారు మంచం పట్టడానికీ, ఏడాది పొడవునా ఎక్కిదిగేవారు మర్నాడు మామూలుగా పనిలోకి పోగలగడానికీ ప్రధాన కారణం ఇదే.

ఈ కోణంలో చూస్తే పాత తరాల వేటగాడిని దృఢంగా ఉంచింది వేట కాదనే చెప్పాలి. వేట ఏడాదిలో కొన్ని దినాల పని. మిగతా కాలమంతా పోడు నరకడం, కొండవాలు మీద విత్తడం, మార్చి ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే లేచి వంగి వంగి ఇప్పపూలు ఏరడం, ఆ వెంటనే ఎండలు ముదిరే వేళకు తునికాకు కోయడం, కొండరెడ్లయితే జీలుగు చెట్లెక్కి కల్లు దించడం, దూరపు వాగు నుంచి కావడితో నీళ్లు మోయడం సాగేవి. గొంతుక్కూర్చోవడం, లేవడం, బరువుతో దిగడం విడిగా చేసే వ్యాయామాలు కావు, ఇంటి పనులే. ఆ జీవితంలోని మలేరియాను, అర్ధాకలిని మరచి దాన్ని ఆదర్శంగా చూపడం అన్యాయం. గూడేలకు రోడ్డు, మోటారు సైకిలు, ఇంటి దగ్గరి కుళాయి రావడం మేలే. కాకపోతే వాటితోపాటు యాభై దాటినవారి కాళ్లకు రోజూ దొరికిన పని తగ్గుతున్నది. కాళ్ల ఈ లోటును ఉద్యోగ పరీక్ష కూడా పట్టుకోదు: అటవీ బీటు అధికారి ఉద్యోగానికి మగవారు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నడిచి చూపాలి. సమతల నేలమీది ఆ నడక యువకుల ఊపిరిని కొలుస్తుందే తప్ప, ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత వాగు గట్టు దిగవలసిన మోకాళ్ల గురించి ఏమీ చెప్పదు.

పోయిన బలం ఏ వయసులోనైనా కొంతవరకు తిరిగి వస్తుందనడానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించగా, పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించారు. బలాన్ని చూసుకోవడానికి పరికరాలు అక్కరలేదు: చేతులు ఛాతీమీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెడితే చాలు. 60 నుంచి 64 ఏళ్ల మగవారిలో అది 14 కన్నా, ఆడవారిలో 12 కన్నా తక్కువైతే పడిపోయే ప్రమాదం ఉందని భావిస్తారు. అలాంటివారు వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గడపమీద ముందరి పాదం ఆనించి మడమలెత్తడం, ఎత్తైన మెట్టు మీంచి ఒక కాలిని వీలైనంత నెమ్మదిగా దించడం సాధన చేయాలి. ఈ మూడింటిలో చివరిదే కొండకు నేరుగా పనికివస్తుంది, చాలామంది వదిలేసేదీ అదే. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి కనుక, రేషన్ బియ్యంతో సరిపెట్టుకోకుండా పప్పు, గుడ్డు, చేప చేర్చుకోవడం అవసరం.

ఎండ మరో సమస్య. వయసుతో దాహం తెలియడం మందగిస్తుంది, చెమట తగ్గుతుంది. మే నెలలో భద్రాచలం, కొత్తగూడెం పరిసరాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజుల్లో దాహమయ్యాకే తాగుదామనుకోవడం ప్రమాదకరం. సొరకాయ బుర్రలో జావ వెంట తీసుకెళ్లే అలవాటు నీటిని, ఉప్పును, పిండిపదార్థాన్ని ఒకేసారి అందిస్తుంది కనుక అది ఆధునిక శాస్త్రానికి కూడా సమ్మతమే. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ లక్షణం, అంటే ఎర్ర రక్తకణాల ఆకారాన్ని మార్చే వంశపారంపర్య గుణం, ఉన్నవారికి ఎండలో నీరు లేని తీవ్ర శ్రమ ప్రాణాంతకం కావచ్చు. రక్తపరీక్షతో అది తెలిసిపోతుంది. చూపు సంగతీ మరువరాదు. అరవై ఏళ్లవారి కంటి లోపలి పొర (రెటీనా) మీదికి చేరే వెలుతురు ఇరవై ఏళ్లవారితో పోలిస్తే సుమారు మూడోవంతే కావడంతో, యువకులకు ఇంకా వెలుగున్నట్లే తోచే సంధ్యవేళ పెద్దవారికి దారిలోని వేరు కనిపించదు. చీకటికి గంట ముందే దిగుడు మొదలుపెట్టడం వారికి పిరికితనం కాదు.

తునికాకు కోత ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక, దానికి సిద్ధం కాదలచినవారు ఎండ చురుక్కుమనని ఫిబ్రవరిలోనే వారానికి ఒకటి రెండుసార్లు ఖాళీ చేతులతో ఊరి దగ్గరి గుట్ట ఎక్కి దిగడం ప్రారంభించి, నెల గడిచాక కొద్దిపాటి బరువును చేర్చుకుంటే సరిపోతుంది. కోత ముగిశాక వర్షాకాలంలో గుట్టకు పోలేకపోయినా, రెండు మూడు వారాలకు మించి దిగుడు నడకకు ఎడం రాకుండా ఇంటి మెట్లమీదనైనా సాధన చేస్తూ ఉండాలి.