నలుపు నారాయణుడు మెచ్చు... మరి అమ్మ?

'శుభమా అని బయలుదేరుతూ ఆ నల్లచీర ఏమిటే?' ఈ మాట పడనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? పెళ్లికి నలుపు పనికిరాదు. పేరంటానికి నలుపు పనికిరాదు. నోముకి పిలిచినవాళ్లింటికి నల్లజాకెట్టుతో వెళితే పెద్దవాళ్ల చూపులే చాలు, సగం ప్రాణం పోతుంది. అదే నలుపు పసిపిల్ల బుగ్గమీద దిష్టిచుక్క అవుతుంది. ఆడపిల్ల కంటికి కాటుక అవుతుంది. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టల్లో కనిపించిన మగవాణ్ణల్లా చిన్నాపెద్దా తేడా లేకుండా 'స్వామీ' అని పిలుస్తాం, దారి ఇస్తాం. నలుపు నారాయణుడు మెచ్చు అన్న సామెత కూడా మనదే!

మరి ఓ ఇరవయ్యేళ్ల పిల్ల నిలువెల్లా నల్లబట్టలు వేసుకుని, కళ్లకు దట్టంగా కాటుక దిద్ది, పెదవులకు నల్లరంగు పూసుకుని, దిగులు పాటలు వినడానికి రాత్రిపూట వెళ్తానంటే? నారాయణుడి సంగతేమోగానీ, కన్నతల్లి గుండె మాత్రం గుభేలుమంటుంది.

ఇంగ్లండులో అలాంటి పిల్లల్ని 'గోత్'లంటారు. ఈ కథ వాళ్లదీ, వాళ్లకు చోటిచ్చిన లీడ్స్ అనే ఊరిదీ, వాళ్లలో ఒక అమ్మాయిని పోగొట్టుకున్న ఓ తల్లిదీ. ఎక్కడో ఉన్న వాళ్ల గోల మనకెందుకంటారా? పై చదువులకని మన ఊళ్లనుంచి బ్రిటన్ వెళ్తున్న పిల్లలకు లీడ్స్ కొత్త పేరేం కాదు. పైగా, పిల్లలు మనకు అర్థంకాని ఇష్టాలు పెంచుకోవడం ఏ దేశపు తల్లికైనా తప్పని పరీక్షే కదా!

ఎవరీ గోత్‌లు?

పాడుబడ్డ కోట, అర్ధరాత్రి, గాలికి కొట్టుకునే కిటికీ తలుపు... ఇలాంటి కథల్ని ఇంగ్లీషులో గోతిక్ నవలలంటారు. 'తులసిదళం' చదివి ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్న మన అమ్మల తరాన్ని అడిగితే, భయంలో ఉండే ఆకర్షణ ఏమిటో చక్కగా చెబుతారు. ఆ భయం, ఆ దిగులు, ఆ అందం పాటల్లోకి వస్తే అదే గోత్ సంగీతం.

1970ల మధ్యలో బ్రిటన్‌లో పంక్ సంగీతం పుట్టింది. పెద్ద గాయకులు అక్కర్లేదు, మూడు స్వరాలు వచ్చిన ఎవరైనా గిటారు పట్టుకోవచ్చన్న తిరుగుబాటు అది. దాన్నుంచి చీలిన పాయల్లో గోత్ ఒకటి. 1976లో సూక్సీ అండ్ ది బాన్షీస్ బృందంతో వేదికెక్కిన గాయని సూక్సీ సూ కాటుక కళ్లు, నల్లబట్టలు చూసి ఎందరో ఆడపిల్లలు అద్దం ముందు నిలబడ్డారు. 1979లో నార్తాంప్టన్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు 'బౌహౌస్' పేరుతో తొమ్మిది నిమిషాలకు పైగా సాగే పాట ఒకటి విడుదల చేశారు. పాత డ్రాకులా సినిమా నటుడు బేలా లుగోసీ పేరున్న ఆ పాటతోనే గోత్ మొదలైందని చాలామంది అంటారు.

లోగొంతుకతో పాట, గుండె చప్పుడులా బేస్ గిటారు, ఖాళీ మండువాలో మాట్లాడితే వచ్చే లాంటి ప్రతిధ్వని... సంగీతం ఇంతే. ఇది మతమూ కాదు, క్షుద్రపూజా కాదు. రేడియోలో ఊరంతా వినే పాటలకు పక్కదారిన నడిచే సంగీతాలన్నిటినీ కలిపి 'ఆల్టర్నేటివ్' అంటారు. గోత్ అందులో ఒక వీధి.

రాత్రంటే భయపడిన ఊరు

లీడ్స్ ఉన్ని మిల్లుల ఊరు, రెడీమేడ్ సూట్లు కుట్టే కార్ఖానాల ఊరు. లండన్‌లో సుమారు 88 లక్షలమంది ఉంటే ఇక్కడ ఎనిమిది లక్షల పైచిలుకు. 1970ల్లో ఆ పనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. దానికి తోడు మరో భయం. 1975 నుంచి 1980 దాకా ఆ ప్రాంతంలో ఒక హంతకుడు పదమూడుమంది ఆడవాళ్లను పొట్టనబెట్టుకున్నాడు. వాడు 1981 జనవరిలో దొరికేదాకా ఆడవాళ్లకు పోలీసులు చెప్పింది ఒకటే. చీకటిపడ్డాక బయటికి రావద్దు!

ఎక్కడైనా అంతే కదా? తప్పు చేసేది ఒకడు, తలుపులు వేసుకోవాల్సింది మనం. లీడ్స్ ఆడవాళ్లు ఊరుకోలేదు. 1977 నవంబరు 12 రాత్రి 'రాత్రి మాకూ కావాలి' అంటూ ఊరేగింపుగా వీధుల్లో నడిచారు. అదే రోజున మరికొన్ని ఊళ్లలోనూ నడిచారు.

అదే 1977లో జాన్ కీనన్ అనే ఆయన లీడ్స్‌లో 'ఎఫ్ క్లబ్' మొదలుపెట్టాడు. సొంత భవనం లేదు. ఒకచోట వద్దంటే మరోచోటికి మారుతూ కొత్త బృందాలచేత పాడించేవాడు. 1979 సెప్టెంబరులో ఒకప్పుడు ట్రాములు నిలిపే షెడ్డుగా ఉన్న క్వీన్స్ హాల్లో రెండురోజుల సంగీతోత్సవం పెట్టాడు. ఊరేగింపు వల్ల క్లబ్ వచ్చిందని కాదు. కానీ రాత్రంటే వణికిన ఊళ్లోనే, ఆ రోజుల్లోనే, చీకటిని పాటగా మార్చుకున్న పిల్లలు తయారయ్యారు. భయాన్ని ఒంటరిగా మోసేకన్నా నలుగురితో కలిసి పాడేస్తే బరువు తగ్గుతుందని వాళ్లకు ఎవరు నేర్పారో!

ఊరు చిన్నదైతేనేం?

ఇలాంటివన్నీ మహానగరాల్లోనే పుడతాయని అనుకుంటాం. నిజానికి లీడ్స్ మరీ పెద్ద ఊరు కాకపోవడమే మేలైంది. మహానగరంలో ప్రతి రుచికీ ఒక క్లబ్ ఉంటుంది. ఎవరి గది వాళ్లది. నడిమి తరహా ఊళ్లో అలా కాదు. వింత అభిరుచి ఉన్నవాళ్లందరికీ కలిపి ఉండేది ఒకటో రెండో చోట్లు. పద్యాలు రాసుకునే పిల్ల, గిటారు వాయించే కుర్రాడు, సొంతంగా గౌన్లు కుట్టుకునే అమ్మాయి, అందరూ ఆ ఒక్క గదిలోనే ఎదురుపడాలి. మన ఊళ్లలో గ్రంథాలయం బల్ల దగ్గర స్నేహాలు కుదిరినట్టు!

ఎఫ్ క్లబ్‌లో పరిచయమైన ఇద్దరు కుర్రాళ్లు 1980లో 'ది సిస్టర్స్ ఆఫ్ మెర్సీ' బృందం పెట్టారు. డ్రమ్ములు వాయించే మనిషి బదులు ఒక యంత్రాన్ని తెచ్చి దానికి 'డాక్టర్ అవలాంచ్' అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, లోకమంతా గోత్ గురువంటున్నా ఆ బృందం గాయకుడు ఆండ్రూ ఎల్డ్రిచ్ మాత్రం 'మేము గోత్ కాదు మొర్రో' అంటూనే ఉన్నాడు. దాన్నుంచి విడిపోయినవాళ్లు 1986లో 'ది మిషన్' అనే మరో బృందం పెట్టారు. మెరియన్ సెంటర్ అనే బజారు అడుగున 'ఫోనోగ్రాఫిక్' అనే నైట్‌క్లబ్ ఉండేది. ఇప్పుడది లేదు గానీ నడివయసు గోత్‌లు దాని పేరెత్తితే చాలు, పుట్టింటి కబురు విన్నట్టు మురిసిపోతారు.

అన్నట్టు, రోజీ గార్లండ్ గురించి చెప్పుకోవాలి. లీడ్స్‌లోనే 1981లో మొదలైన 'ది మార్చ్ వయొలెట్స్' బృందంలో గాయని ఆవిడ. తర్వాత కవయిత్రి అయింది. గొంతు కేన్సరును తట్టుకుని నిలబడింది. 2013లో మొదటి నవల వెలువరించింది. నల్లబట్టలు వేసుకున్న పిల్లలు ఏమైపోతారో అని దిగులుపడేవాళ్లకు ఆవిడే జవాబు.

దారి ఎలా దొరుకుతుంది?

కొత్త ఊళ్లో తనలాంటివాళ్లను వెతుక్కోవడమెలా? పాల్ హోడ్కిన్సన్ అనే పరిశోధకుడు, తానూ గోతే, 1990ల చివర్లో బర్మింగ్‌హామ్, ప్లిమత్, లీడ్స్ నగరాల్లో ఈ సంగతే పరిశీలించి 2002లో పుస్తకం రాశాడు. రికార్డుల దుకాణంలో కౌంటరు మీద పెట్టిన కరపత్రం, అభిమానులు సొంతంగా అచ్చు వేసుకునే చిన్న పత్రికలు, నోటి మాట... వీటితోనే ఒకళ్లకొకళ్లు దొరికేవాళ్లు. ముందు మాట కలిపేది బట్టలు చూసే! రైల్లో ఎదురుసీట్లో మన ఊరి చీర నేత కనిపిస్తే 'మీదే ఊరండీ?' అని అడిగేయమూ?

లీడ్స్‌లో 1971లో మొదలైన జంబో రికార్డ్స్ దుకాణం అలాంటి మజిలీ. 1913లో కార్మికుల కోసం పుట్టిన బ్రూడెనెల్ సోషల్ క్లబ్ తర్వాతి కాలంలో కొత్త బృందాలకు పేరున్న వేదిక అయింది.

ఇంకో ముచ్చట. లీడ్స్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సముద్రపుటొడ్డున విట్బీ అనే చిన్న ఊరుంది. 1897లో వచ్చిన డ్రాకులా నవలలో ఓడ కొట్టుకొచ్చేది అక్కడికే. 1994లో సుమారు నలభైమంది కలం స్నేహితులు అక్కడ కలుసుకున్నారు. ఉత్తరాలతో మొదలైన ఆ కలయిక ఏడాదికి రెండుసార్లు జరిగే పెద్ద గోత్ తిరునాళ్లయింది. ఆనాటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. ఊరి ముసలమ్మలు నల్లగౌన్ల అమ్మాయిలకు టీ అమ్ముకుంటారు. ఎవరికీ ఏ కీడూ జరగలేదు.

సోఫీ

కీడు జరిగింది వేరేచోట. లీడ్స్‌కు పడమరగా, కొండల అవతల లాంకషైర్‌లో బేకప్ అనే చిన్న పట్నం. 2007 ఆగస్టు 11, తెల్లవారుజాము. ఇరవయ్యేళ్ల సోఫీ లాంకాస్టర్, ఆమె స్నేహితుడు పార్కులోంచి ఇంటికి నడిచి వెళ్తున్నారు. ఇద్దరూ గోత్‌లే. కొందరు కుర్రాళ్లు ముందు అతని మీద పడ్డారు. సోఫీ అతని తల ఒళ్లో పెట్టుకుని వదిలేయమని బతిమాలింది. వాళ్లు ఆమెనూ వదల్లేదు. అతను బతికాడు. సోఫీ పదమూడు రోజులు స్పృహ లేకుండా ఉండి, ఆగస్టు 24న కన్నుమూసింది. ఆ పిల్లలు చేసిన తప్పల్లా వేరుగా కనబడటమే.

తల్లి సిల్వియా తలుపులు వేసుకుని కూర్చోలేదు. కూతురి పేరున సంస్థ పెట్టి బడి బడికీ తిరిగి, 'వేరుగా కనిపించినవాళ్లు శత్రువులు కారు' అని పిల్లలకు చెప్పింది. 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు గోత్‌లవంటి వాళ్లమీద జరిగే దాడుల్ని ద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు. దేశంలో అలా చేసిన మొదటి పోలీసు విభాగం అదే. సిల్వియా 2022లో మరణించింది. ఎవరో చేసిన పాపానికి తన బిడ్డ బట్టల్ని ఏనాడూ తప్పుపట్టలేదావిడ.

మరి మన భయం?

అమ్మల భయమంతా వట్టిదే అని కొట్టిపారేయను. 2015లో బ్రిస్టల్ ప్రాంతపు 3,694 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం వెలువడింది. పదిహేనేళ్లప్పుడు తాము గట్టి గోత్‌లమని చెప్పుకున్నవాళ్లు పద్దెనిమిదేళ్లకు డిప్రెషన్‌లో ఉండే అవకాశం, అసలు గోత్ కానివాళ్లతో పోలిస్తే మూడు రెట్లని తేలింది. తమను తాము గాయపరుచుకోవడమూ ఎక్కువే. అయితే గోత్ కావడంవల్లే అలా అయిందని చెప్పలేమని పరిశోధకులే అన్నారు. అప్పటికే దిగులుతో ఉన్న పిల్లలు తమ బాధ తెలిసినవాళ్ల దగ్గరికి చేరి ఉండొచ్చు. జ్వరమొచ్చిన పిల్లాడు దుప్పటి కప్పుకున్నాడు కదా అని దుప్పటివల్లే జ్వరమంటామా?

కనుక చూడాల్సింది బట్టల్ని కాదు, పిల్లని. తింటోందా, నిద్రపోతోందా, చదువు సాగుతోందా, స్నేహితుల పేర్లు చెబుతోందా? ఇవి సరిగ్గా ఉంటే నల్లపెదవుల్ని చూసి కంగారు అక్కర్లేదు. ఇవి తప్పితే, తెల్లచుడీదార్ వేసుకున్న పిల్లనైనా డాక్టరుకు చూపించాల్సిందే.

పరాయి దేశంలో ఉన్న పిల్ల పాటలకు వెళ్తానంటే 'ఛీ, అవేం పాటలే' అనేస్తే ఏమవుతుంది? వెళ్లడం మానదు, మనతో చెప్పడం మానేస్తుంది. దానికన్నా 'ఎవరితో వెళ్తున్నావు, ఎన్నింటికి వస్తావు, తోడెవరు' అని అడగడం మేలు. ఒంటరిగా చీకటి దారిన నడవద్దని, నలుగురూ కలిసి టాక్సీలో రమ్మని చెప్పడం మేలు. అక్కడ పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు మందు అమ్మడం నేరమనీ, ఎవరో ఇచ్చిన గ్లాసు ముట్టుకోవద్దనీ చెప్పడం మేలు. వీలైతే, 'ఏదీ, ఓ పాట వినిపించు' అనాలి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. వినకుండా వద్దనడం మాత్రం న్యాయం కాదు.

తనలాంటివాళ్లు ఎక్కడో ఉన్నారని తెలియడం ఆ వయసులో అన్నంతో సమానం. ఇరుగుపొరుగు అరుగుల మీద కూర్చుని మనం వెతుక్కున్నదీ అదే. పిల్ల దాన్ని నల్లబట్టల గుంపులో వెతుక్కుంటోంది. ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసి, 'తిన్నావా?' అని అడిగే మనిషొకరు ఉంటే ఆ పిల్లకు ఏ చీకటీ చీకటి కాదు.