నమ్మకం పోయాక కూడా ఎందుకు ఉండిపోయారు? జోన్స్‌టౌన్: అపోహలు – వాస్తవాలు

1978 నవంబరు 18న దక్షిణ అమెరికాలోని గయానా అడవిలో, జోన్స్‌టౌన్ అనే చోట, ఒక్క సాయంత్రంలో తొమ్మిది వందల మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. అదే రోజు దగ్గర్లోని పోర్ట్ కైటూమా ఎయిర్‌స్ట్రిప్‌ మీద కాల్పుల్లో అయిదుగురు, రాజధాని జార్జ్‌టౌన్‌లో నలుగురు పోయారు. అన్నీ కలిపితే 918. వాళ్లంతా జిమ్ జోన్స్ నడిపిన పీపుల్స్ టెంపుల్‌కు చెందినవాళ్లో, వాళ్లను చూడడానికి వచ్చినవాళ్లో. ప్రపంచం దీన్ని రెండు ముక్కల్లో గుర్తుపెట్టుకుంది: ఒక పిచ్చి గురువు, తాగమంటే విషం తాగేసిన గుడ్డి భక్తులు. అమెరికా ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు కూడా 'కూల్-ఎయిడ్ తాగాడు' అనే మాట రోజూ వింటూనే ఉంటారు. ఆలోచన లేకుండా తలాడించేవాణ్ని అలా అంటారు. కానీ ఆ సంస్థను వదిలి వచ్చినవాళ్లు, ఆ రోజు ప్రాణాలతో బయటపడినవాళ్లు ఆ తర్వాత ఇన్నేళ్లలో రాసినవి, చెప్పినవి వరసగా చదివితే ఈ కథ నిలవదు. అలాంటి సంస్థ మనిషిని పట్టి ఉంచేది నమ్మకంతో కాదు, బంధాలతో. నమ్మకం సడలిన తర్వాత కూడా నెలలు, ఏళ్లు ఉండిపోయినవాళ్లు అందులో ఎందరో. ఈ ఒక్క సంగతి తెలిస్తే జోన్స్‌టౌన్ గురించి చలామణీలో ఉన్న అపోహల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు వినిపించేది, చేరినవాళ్లు చదువూ సంధ్యా లేని అమాయకులని, మతపిచ్చి పట్టినవాళ్లని. 1957లో ఇండియానాపొలిస్‌లో హయసింత్ థ్రాష్ అనే నల్లజాతి మహిళ, ఆమె చెల్లెలు ఈ చర్చిలో చేరారు. వాళ్లను ఆకట్టుకున్నది ఏ అద్భుతమూ కాదు. టీవీలో ఆ చర్చి గాయక బృందంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన నిలబడి పాడడం. అమెరికాలో ఆదివారం పూట చర్చిలన్నీ రంగును బట్టి విడిపోయి ఉన్న రోజులవి. జోన్స్ దంపతులు నల్లజాతి బిడ్డను దత్తత తీసుకున్నారు. కాలిఫోర్నియాకు వెళ్లాక టెంపుల్ ముసలివాళ్లకు ఆశ్రయాలు నడిపింది, మత్తుమందుల అలవాటు మాన్పించింది, కోర్టు కేసుల్లో సాయం చేసింది, ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ జోన్స్‌ను నగర గృహనిర్మాణ సంస్థ కమిషన్‌లో నియమించాడు. టెంపుల్ సభ్యుల్లో లాయర్లున్నారు, డాక్టరున్నాడు, బర్క్‌లీలో శాస్త్రవేత్త ఇంట్లో పెరిగిన డెబొరా లేటన్ లాంటివాళ్లున్నారు. జోన్స్‌టౌన్‌లో దాదాపు 70 శాతం మంది నల్లజాతివాళ్లు; వివక్ష లేని జీవితం ఎలా ఉంటుందో మొదటిసారి చూశామని అనుకున్నవాళ్లు. పైగా చివరి ఏళ్లలో జోన్స్ బైబిల్‌నే తప్పుబడుతూ సోషలిజం బోధించేవాడు. కాబట్టి వాళ్లను మతం మింగేసిందనడం తేలిక మాట. ఒక మంచి పని కోసం చేరారు, ఆ మంచి పని నిజంగానే జరగడం చూశారు. ఆ తర్వాత జరిగినదంతా ఆ మంచి మీదే కట్టారు, అందుకే దాన్ని పసిగట్టడం కష్టమైంది.

'నచ్చకపోతే వచ్చేయొచ్చుగా' అన్నది రెండో అపోహ. మన దగ్గరా ఏ ఆశ్రమం వార్త వచ్చినా మొదట వచ్చే ప్రశ్న ఇదే. టెంపుల్ తలుపులు ఒక్కరోజులో మూయలేదు. ముందు జీతంలో భాగం, తర్వాత జీతమంతా, తర్వాత ఇల్లు రాసివ్వడం. ముసలివాళ్ల పింఛన్లు సంస్థకే వెళ్లేవి. బయటికి పోతే తలదాచుకోవడానికి ఇల్లుండదు, చేతిలో పైసా ఉండదు. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. చేయని నేరాలు చేసినట్టు, సొంత పిల్లల మీద అఘాయిత్యం చేసినట్టు కూడా రాయించుకున్నారు. ఇది విధేయతకు పరీక్ష అన్నారు. ఆ కాగితాలు మాత్రం బీరువాలో భద్రంగా ఉండేవి. తప్పు చేసినవాళ్లను అందరి ముందూ నిలబెట్టి తిట్టేవాళ్లు, కొట్టేవాళ్లు. భార్య మీద భర్త, తల్లి మీద బిడ్డ ఫిర్యాదు చేయడం మంచి గుణంగా లెక్కకొచ్చేది. ఇంట్లోనే మనసు విప్పి మాట్లాడే మనిషి లేకపోతే 'నాకు అనుమానంగా ఉంది' అనేది ఎవరితో? గ్రేస్ స్టోయెన్ 1976లో సంస్థను వదిలి వెళ్లింది, కానీ కొడుకును తెచ్చుకోలేకపోయింది. ఆ పిల్లవాడి కోసం కోర్టుల్లో సాగిన పోరాటం రెండేళ్లు గడిచినా తేలలేదు. పిల్లవాడు జోన్స్‌టౌన్‌లోనే చనిపోయాడు. పిల్లలు లోపల ఉన్నప్పుడు తల్లికి నమ్మకం ఉందా లేదా అన్నది పెద్ద విషయమే కాదు. 1977లో పెద్ద సంఖ్యలో సభ్యుల్ని గయానాకు తరలించాక మిగిలిన దారులూ మూసుకున్నాయి. పాస్‌పోర్టులు తీసేసుకున్నారు, ఉత్తరాలు చదివిగానీ పంపేవాళ్లు కాదు, చుట్టూ దట్టమైన అడవి, కాపలాదారుల చేతుల్లో తుపాకులు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. జార్జ్‌టౌన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం అధికారులు జోన్స్‌టౌన్‌కు ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్లారు. కొందరిని పక్కకు పిలిచి విడిగా అడిగారు. మమ్మల్ని తీసుకెళ్లండి అని ఒక్కరూ అనలేదు. 1978 నవంబరులో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో రయాన్ స్వయంగా వచ్చినప్పుడు కూడా తొమ్మిది వందల పైచిలుకు మందిలో బయటికి వస్తామన్నది పదిహేను మందికి అటూఇటూగానే. మరి మిగతావాళ్లు ఇష్టంగానే ఉన్నట్టా? అధికారులు వచ్చే ముందు ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో జోన్స్ అందరిచేతా వల్లె వేయించేవాడు. ఆ టేపులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే భయమొక్కటే కారణమంటే సగమే చెప్పినట్టు; దారి, తోడు లేకపోవడం మిగతా సగం. రయాన్ వచ్చిన మొదటి రాత్రి సంబరంలో ఒక యువకుడు బయటికి వెళ్లడానికి సాయం కోరుతూ రహస్యంగా చీటీ అందించాడు. ఒక్క చీటీ ఇవ్వడానికే అంత దాచాల్సి వచ్చిందంటే చుట్టూ ఉన్న మౌనాన్ని అంగీకారమని ఎలా అనుకుంటాం? మర్నాడు ఉదయం లెస్లీ వాగ్నర్-విల్సన్, మూడేళ్లు నిండని కొడుకును వీపుకు కట్టుకుని, మరో తొమ్మిదిమందితో అడవిలోకి నడిచింది. పిక్నిక్‌కు వెళ్తున్నట్టు నటించి, దాదాపు యాభై కిలోమీటర్లు నడిచి మాథ్యూస్ రిడ్జ్ చేరారు. పదమూడేళ్ల వయసులో సంస్థలోకి వచ్చిన పిల్ల ఆమె. తల్లి, తోబుట్టువులు, భర్త అక్కడే ఉండిపోయారు. భర్త కాపలా దళంలో పెద్ద. ఆమెకు నమ్మకం ఆ ఉదయమే పోలేదు, ఎప్పుడో పోయింది. ఆ ఉదయం దొరికింది అడవిలోకి ఒక దారి, తోడుగా తొమ్మిదిమంది.

ఇక అన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ, వాళ్లంతా ఇష్టపడి ప్రాణాలు తీసుకున్నారన్నది. అసలు విషం కలిపిన గిన్నెలో ఉన్నది ఎక్కువగా కూల్-ఎయిడ్ కాదు, ఫ్లేవర్-ఎయిడ్ అనే చవక పానీయపు పొడి. అది చిన్న సంగతి. చనిపోయినవాళ్లలో 300 మందికి పైగా పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. విషం మొదట పెట్టింది వాళ్లకే. పసివాళ్ల నోట్లోకి సిరంజీలతో పోశారు. దీన్ని ఆత్మహత్య అనడానికి నాకు నోరు రాదు. శవాలను పరీక్షించిన గయానా వైద్యుడు లెస్లీ మూటూ కొన్నిటి మీద ఇంజెక్షన్ గుర్తులు చూశాడు. విచారణ జ్యూరీ కొద్దిమందివి తప్ప మిగతావి హత్యలేనని తేల్చింది. ఆఖరి గంటల్లో రికార్డయిన టేపు సుమారు ముప్పావు గంట నిడివి. దాన్ని విన్నవాళ్లు చప్పట్లనే గుర్తుపెట్టుకుంటారు. అందులోనే క్రిస్టీన్ మిల్లర్ అనే అరవై ఏళ్ల మహిళ లేచి ఎదురు చెప్పడం కూడా వినపడుతుంది. రష్యాకు వెళ్లే దారి లేదా అని అడుగుతుంది. పసిపిల్లలకు బతికే హక్కుందని జోన్స్ ముఖాన్నే అంటుంది. జనం కేకలేసి ఆమెను కూర్చోబెట్టారు. ఆ కేకలు వేసినవాళ్లలో కొందరు నిజంగా నమ్మి ఉండవచ్చు, దాన్ని కాదనను. కానీ పిల్లలు చనిపోయాక తల్లిదండ్రులకు బతకాలన్న కోరిక ఎంత మిగిలి ఉంటుంది? జోన్స్‌కు ఇది తెలుసు. అందుకే పిల్లల్ని ముందు పెట్టాడు.

ఇక దీనికి రెండో చివరన ఇంకో అపోహ ఉంది: గురువు మెదడును కడిగేశాడు, వాళ్లకు సొంత బుద్ధే లేదు అనడం. జాలితో అనే మాటే అయినా దీనివల్ల జరిగిన కీడు తక్కువేమీ కాదు. 1970లలో అమెరికాలో ఇలాంటి సంస్థల్లో చేరిన ఎదిగిన పిల్లల్ని తల్లిదండ్రులే డబ్బిచ్చి ఎత్తుకొచ్చేలా చేసి, గదుల్లో బంధించి 'మామూలు మనుషుల్ని' చేయించారు. బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త ఎలీన్ బార్కర్, అలాంటి ఆరోపణలే ఎదుర్కొన్న యూనిఫికేషన్ చర్చిని ఏళ్ల తరబడి పరిశీలించి 1984లో పుస్తకం ప్రచురించింది. వాళ్ల శిబిరాలకు వెళ్లినవాళ్లలో పదింట తొమ్మిదిమంది చేరలేదు, చేరినవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లలో తమంతట తామే వెళ్లిపోయారని ఆమె లెక్క. మెదడు కడిగే విద్యే ఉంటే ఇలా జరగదు. అయితే జోన్స్‌టౌన్‌లో ఎందుకు వెళ్లిపోలేదు? అక్కడ వెళ్లిపోయే దారిని లాక్కున్నారు గనుక. లండన్‌లోని ఆ చర్చి శిబిరం నుంచి బస్సెక్కి ఇంటికి పోవచ్చు. గయానా అడవి నుంచి, పాస్‌పోర్టు లేకుండా, బిడ్డను వదిలేసి పోలేరు. రెండుచోట్లా మనుషులు ఒకటే, ఆలోచించే శక్తి ఒకటే. తేడా పరిస్థితిలో ఉంది.

సంస్థను వదిలి వచ్చినవాళ్లు కక్షతో ఉన్నవి లేనివి చెబుతారన్నది చదువుకున్నవాళ్లలో ఎక్కువగా వినిపించే మాట. బ్రయన్ విల్సన్ లాంటి పేరున్న సామాజిక శాస్త్రవేత్తే అలాంటి సాక్ష్యాన్ని అనుమానించాలన్నాడు. వదిలేసినవాడు తన నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి కథను మార్చుకుంటాడన్నది ఆయన తర్కం. అది కొట్టిపారేసేది కాదు. కానీ అనుమానించడం అంటే పరీక్షించడం, పక్కన పడేయడం కాదు. డెబొరా లేటన్ 1978 మే నెలలో జార్జ్‌టౌన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం సాయంతో తప్పించుకుంది. తల్లి జోన్స్‌టౌన్‌లోనే ఉండిపోయింది. జూన్ 15న ఇచ్చిన అఫిడవిట్‌లో సామూహిక ఆత్మహత్యల ముప్పు గురించి రాసింది. ఉదయం అన్నం, మధ్యాహ్నం గంజి, రాత్రి అన్నం, చిక్కుళ్లు అని తిండి వివరాలతో సహా చెప్పింది. ఒక రాత్రి అందర్నీ, పిల్లలతో సహా, వరసలో నిలబెట్టి ఎర్రటి ద్రవం తాగించి, ఇది విషం, ఇంకాసేపట్లో చనిపోతారు అన్నారని, తర్వాత ఇది పరీక్ష మాత్రమేనని చెప్పారని రాసింది. అయిదు నెలల తర్వాత జరిగింది సరిగ్గా అదే, పరీక్ష మాత్రం కాదు. అంతకుముందు 1977లో న్యూ వెస్ట్ పత్రికకు పదిమంది మాజీ సభ్యులు పేర్లతో సహా చెప్పినవీ ఇలాంటివే. వాళ్లంతా కలిసి ఒకేసారి బయటికొచ్చినవాళ్లు కాదు; వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో వచ్చినవాళ్లు. దెబ్బలు, సంతకాలు, ఇళ్లు రాసివ్వడం గురించి వాళ్లు చెప్పినవి ఒకదానితో ఒకటి సరిపోయాయి. కక్ష ఉంటే ఉండొచ్చు. అది వాళ్లు చూసినదాన్ని అబద్ధం చేయదు.

బయటపడితే అంతటితో అయిపోయినట్టేనని కూడా అనుకుంటారు. లారా జాన్‌స్టన్ కోల్ ఆ రోజు జార్జ్‌టౌన్‌లో ఉండడంవల్ల బతికింది. ఇంటికి తిరిగి వచ్చాక 1980లో సినానన్ అనే మరో కట్టుదిట్టమైన సంస్థలో చేరి, పదేళ్లు అక్కడే ఉంది. మొదటి సంస్థ ఆమెకు పాఠం నేర్పలేదా అని అడగడం సులువు. కానీ ఆమెకు పోయింది నమ్మకం ఒక్కటే కాదు. తెలిసిన మనుషులందరూ పోయారు, అలాంటి గుంపులో తప్ప బతకడం అలవాటు లేదు. తర్వాత క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో చేరి, స్కూలు టీచరైంది. ఇరవై ఏళ్ల తర్వాతగానీ జోన్స్‌టౌన్ గురించి నోరు విప్పలేదు; 2010లో పుస్తకం రాసింది, 2019లో చనిపోయేవరకూ మాట్లాడుతూనే ఉంది. జోన్స్ చేసినదాన్ని ఖండిస్తూనే, టెంపుల్‌లో తనతో బతికిన మనుషుల్ని ప్రేమగా తలుచుకునేది. ఇంకా ఆ ప్రభావం పోలేదు చూడండి అంటారు కొందరు. నాకు అలా అనిపించదు. ఆ మనుషులు నిజంగానే మంచివాళ్లు, ఆ స్నేహం నిజం, వాళ్లను చంపినదీ నిజం. వీటిలో ఒకదాన్ని చెరిపేసి మిగతావి చెప్పమంటే ఆమె ఒప్పుకోలేదు.