వాసన నరములో దేవుడు ఉంచిన మేలు



మామిడి పూత పూసిన కాలములో మన మైలవరము తోటల ప్రక్కగా వెళ్లేవారికి పూత వచ్చిందని ఎవరూ చెప్పనక్కరలేదు, వాసనే చెబుతుంది. పొయ్యి మీద అన్నము అడుగంటితే వాకిట్లో కూర్చున్నవారికి కూడ తెలిసిపోతుంది. ప్రతి దినము వాడుకుంటూ మనము లెక్కచేయని ఈ వరము విలువ 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చినప్పుడు అనేకులకు తెలిసింది. పచ్చడి ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన తెలియలేదు. అయితే చాలామందికి కొన్ని వారాలలో ఆ శక్తి తిరిగి వచ్చింది. ఎలా వచ్చింది?

ముక్కు పైభాగములో, లోపల, వాసన పట్టే నరాల కణాలు ఉన్నాయి. ఒక్కొక్క కణము మీద వాసనను అందుకొనే గ్రాహకాలు ఉంటాయి. తాళానికి తగిన తాళపుచెవి ఉన్నట్టే, గ్రాహకానికి తగిన వాసనలు ఉంటాయి. మనిషిలో ఇవి సుమారు 400 రకాలు. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో కనుగొన్న లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ కణాలు గాలికి, దుమ్ముకు, రోగక్రిములకు ఎదురుగా ఉంటాయి గనుక చనిపోతూ ఉంటాయి. వాటి క్రింద ఉన్న మూలకణాలు క్రొత్త నరకణాలను పుట్టిస్తాయి. క్రొత్త నరము మెదడు వరకు పెరిగి, తన చోటును వెదకుకోవాలి. ఆ దారి నిర్ణయించుటలో దాని మీదనున్న గ్రాహకానికి కూడ పాలు ఉన్నదని ఎలుకలపై చేసిన పరిశోధనలు చూపాయి. దారి పొడుగునా ఆ లేత నరమును పొదువుకొని నడిపించే తోడు కణాలు ఉన్నాయి. మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయములో పౌలు సంఘమును శరీరముతో పోల్చినప్పుడు వాసన చూచుటను మరువలేదు. ఈ అవయవములో ఇంత పని జరుగుచున్నదని తెలిసినప్పుడు సృష్టికర్తను స్తుతించకుండా ఉండగలమా?

వెన్నుపాము సంగతి వేరు. అది తెగితే తిరిగి అతకదు. మన ప్రాంతములో తాటిచెట్టు మీదనుండి జారినవారు, ట్రాక్టరు బోల్తాపడి నడుము విరిగినవారు మంచమునకే పరిమితమైపోవుట చూస్తున్నాము. ముక్కులోని తోడు కణాలను వెన్నుపాములో ఉంచితే అక్కడ కూడ నరములకు దారి చూపునా అని లండనులో జెఫ్రీ రైస్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు అనేక సంవత్సరాలు పరిశోధించాడు.

2010లో కత్తిపోటుతో వెన్నుపాము తెగిన ఒక వ్యక్తికి 2012లో పోలండు వైద్యులు ఆపరేషను చేశారు. అతని తలలోనుండే ఆ కణాలను తీసి, పెంచి, గాయము దగ్గర ఎక్కించారు. 8 మిల్లీమీటర్ల ఎడమును చీలమండ దగ్గరి నరపు ముక్కలతో కలిపారు. ఎంతో వ్యాయామము తరువాత అతడు ఊతముతో నడిచాడు. 2014లో ఈ సంగతి లోకమునకు తెలిసింది.

ఇది నిరీక్షణ కలిగించే వార్తే. కాని ఒక్కరికి జరిగినది అందరికి దొరికే వైద్యము కాదు. ఆస్ట్రేలియాలో ముగ్గురికి ఇలాంటి కణాలే ఎక్కించగా ప్రాణహాని కలుగలేదు గాని, వారు తిరిగి నడవలేదు. మరొక చోట ముక్కు పొర ముక్కలను వెన్నులో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తరువాత అక్కడ గడ్డ పెరిగింది.

కాబట్టి తల్లిదండ్రులారా, ఒక మనవి. మూలకణాలతో నడిపిస్తామని ఎవరైనా లక్షలు అడిగితే పొలము అమ్మకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారము వెన్నుపాము గాయమునకు మూలకణ చికిత్స అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి. దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోరాదు.

మరి ఈ దినము మనము చేయగలది ఏమిటి? చెట్టు మీదనుండి పడినవానిని లేపి కూర్చోబెట్టకండి. 108కి ఫోను చేయండి. కదపక తప్పనప్పుడు నలుగురు కలిసి, మెడ, నడుము వంగకుండా, వెడల్పైన బల్ల మీద మోయండి. మంచములో ఉన్నవారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పితే పుండ్లు పడవు. అందులో రాత్రి ఒక వంతు సంఘస్థులు పంచుకుంటే, అలసిపోయిన ఆ తల్లి కాసేపు నిద్రపోతుంది.

వేలూరు ఆసుపత్రిలో డాక్టరు మేరీ వర్గీసుగారికి 1954లో కారు ప్రమాదములో నడుము క్రింది భాగము చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ అలాంటివారి కొరకు పునరావాస కేంద్రము ప్రారంభమగుటకు ఆమె ముఖ్య కారకురాలు. ఆమె కాళ్లకు బలము తిరిగి రాలేదు గాని, ఆమె ద్వారా అనేకులు బ్రదుకు దిద్దుకున్నారు.

పడిపోయినవాని ఇంటికి వెళ్లి ఎవరి పాపమని విచారించకండి. అలా అడిగిన శిష్యులను ప్రభువు సరిదిద్దాడు (యోహాను 9:3). లేత నరమునకు తోడు కణమును ఇచ్చిన దేవుడు, మంచము పట్టినవానికి తోడుగా సంఘమును ఇచ్చాడు. ఈ ఆదివారము ఆరాధన ముగియగానే అటువంటి ఒక ఇంటి తలుపు తట్టుదాము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.