కంప్యూటరు ఆటలో దాచవలసిన భాగము

పిల్లలు కంప్యూటరులో ఆడు ఆట యనగానే మన ఇండ్లలో పెద్దలకు రెండే మాటలు తోచును: ఒకటి మానిపించుట, రెండవది తుడిచివేయుట. ఎంతసేపు ఆడవలెను, ఏ వేళ ఆడవలెను అనునది ప్రతి తల్లియు తన ఇంటి పద్ధతిని బట్టి నిర్ణయించుకొనవలసినదే. డబ్బు ఒడ్డి యాడు ఆన్‌లైను ఆటల మాట వేఱు. వానిని నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టమునే చేసినది. మేమిచ్చట వ్రాయబూనినది పందెము లేని ఆటలను గుఱించి. వానిని ఇంటర్నెట్టు నుండి దింపుకొని, ఇంటి కంప్యూటరులో నిలుపుకొని, పిల్లలు నెలల తరబడి ఆడుకొందురు. అట్టి ఆటలో పోయినను మఱల వచ్చు భాగ మొకటియు, పోయినచో మఱి రాని భాగ మొకటియు కలవు. ఈ రెంటికి గల భేద మెఱుగక తుడిచివేయుటచే కలుగు నష్టము పిల్లల పాలిట చిన్నది కాదు.

మా గోదావరిఖనిలో సింగరేణి కార్మికుల క్వార్టర్లయందు నేడు కంప్యూటరు వింత వస్తువు కాదు. ఇంజనీరింగు చదువునకనియో, ఉద్యోగ పరీక్షల దరఖాస్తులకనియో కొన్న యంత్రము, పెద్దవాడు హాస్టలునకు పోగానే తమ్మునికో చెల్లెలికో దక్కుచున్నది. తండ్రి మొదటి షిఫ్టు వారములో తెల్లవారక మునుపే బయలుదేరును; రాత్రి షిఫ్టు వారములో పగలు నిద్రించును. కావున యంత్రము మొరాయించినపుడు దానిని దుకాణమునకు తీసికొనిపోయి బాగుచేయించు భారము పెక్కిండ్లలో తల్లిదే యగుచున్నది. దుకాణదారు అడుగు ప్రశ్నకు బదులు చెప్పవలసినదియు ఆమెయే. అందుచేత ఈ సంగతి మొదట తెలియవలసినది ఆమెకే.

మే మెఱిగిన యొక యింట అక్కయు తమ్ముడును మైన్‌క్రాఫ్టు అను ఆట ఆడుచుండెడివారు. ఇది స్వీడను దేశపు మోజాంగు సంస్థవారు 2011లో పూర్తి రూపమున విడుదల చేసినది. 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయెనని 2023లో ప్రకటించిరి. నేలను త్రవ్వి, రాయియు బొగ్గును ఇనుమును తీసి, వానితో ఇండ్లు మొదలగునవి కట్టుట ఇందలి పని. ఆ పిల్లలిద్దఱును రెండు సంవత్సరములు శ్రమపడి గోదావరి యొడ్డున ఒక ఊరు కట్టిరి. రేవుమెట్లు, వరుస క్వార్టర్లు, బడి, గని అన్నియు అందున్నవి. తండ్రి యొకనాడు చూచి, "బిడ్డా, మీ గనికి రెండో తొవ్వ ఏది?" అని యడుగగా, వారు మఱునాడే ఇంకొక దారి త్రవ్విరి.

వేసవిలో యంత్రము మందగించినది. తల్లి దుకాణమునకు తీసికొనిపోయినది. "లోపల అవసరమైనవేమైన నున్నవా?" అని వారడిగిరి. ఆమె సర్టిఫికెట్లును పెండ్లి ఫోటోలును చూపినది. అవి జాగ్రత్తగా తీసి యుంచిరి. "తక్కినవి ఆటలే కదా" అన్నది. యంత్రమును తుడిచి విండోసును క్రొత్తగా ఎక్కించి యిచ్చిరి. ఆ సాయంకాలమే మైన్‌క్రాఫ్టును మఱల దింపుకొనిరి. కొంతసేపటికి ఆ బాలిక తల్లియొద్దకు వచ్చి, "ఆట ఉన్నదమ్మా, మా ఊరు లేదు" అని చెప్పినది. ఎవరిని నిందింపగలము? దుకాణదారు చెప్పినట్లే చేసెను. తల్లి తనకు విలువైనవని తెలిసినవానిని కాపాడుకొన్నది. ఆ ఊరు ఎక్కడ నున్నదో ఆ ఇంట ఎవరికిని తెలియదు, అంతయే.

కావున ముందుగా తెలియవలసిన దేమనగా, కంప్యూటరు ఆటలో మూడు భాగములుండును. మొదటిది ఇన్‌స్టాలరు, అనగా ఇంటర్నెట్టు నుండి దింపుకొన్న మూట. రెండవది ఆ మూటను విప్పగా యంత్రములో పఱచుకొన్న ఆట. మూడవది సేవ్ ఫైలు, అనగా ఆడినవారు ఎంతదూరము వచ్చిరో, ఏమి కట్టిరో, ఏమి కూడబెట్టిరో వ్రాసి యుంచుకొను లెక్క. మొదటి రెండును అమ్మినవారి యొద్ద నుండి మఱల తెచ్చుకొనవచ్చును. మూడవది లోకములో ఇంకెవ్వరి యొద్దను లేదు; అది మన పిల్లలు చేసినది.

పరిమాణము చూచినచో విషయము తలక్రిందుగా నుండును. నేటి పెద్ద ఆటలు కొన్ని 100 జీబీలకు మించును. సెకనుకు 40 మెగాబిట్ల వేగము గల లైనుమీద అంతటి మూటను దింపుటకు దాదాపు అయిదున్నర గంటలు పట్టును. కావున ఇన్‌స్టాలరును దాచుకొనుట కాలమును మిగుల్చుకొనుటయే. సేవ్ ఫైలు సాధారణముగా కొద్ది ఎంబీలే. చవకపాటి పెన్‌డ్రైవులో పదులకొలది ఆటల సేవ్ ఫైళ్లు పట్టును. చోటు చాలదని తుడుచువారు పెద్దదానిని తుడిచి చిన్నదానిని ఉంచవలసి యుండగా, తఱచుగా రెంటిని కలిపి తుడుచుచున్నారు.

ఈ చిన్న ఫైలు ఎక్కడ నుండును? ఆట యున్న చోటనే యుండునని తలంపరాదు. విండోసులో కొన్ని ఆటలు దీనిని డాక్యుమెంట్స్ ఫోల్డరులో మై గేమ్స్ అను పేర ఉంచును. కొన్ని సేవ్డ్ గేమ్స్ అను ఫోల్డరులో ఉంచును. పెక్కు ఆటలు యాప్‌డేటా అను ఫోల్డరులో ఉంచును. ఈ యాప్‌డేటా సామాన్యముగా కంటికి కనబడదు. విండోస్ మీటతో కూడ ఆర్ మీటను నొక్కి, వచ్చిన చిన్న గడిలో శాతపు గుర్తు, యాప్‌డేటా అను ఇంగ్లీషు మాట, మఱల శాతపు గుర్తు వ్రాసి ఎంటరు నొక్కినచో, దానిలో రోమింగు అను భాగము తెఱచుకొనును. మైన్‌క్రాఫ్టు జావా ఎడిషను లోకములు అచ్చటనే, చుక్కతో మొదలగు మైన్‌క్రాఫ్టు ఫోల్డరులో, సేవ్స్ అను పేరుతో నుండును. 2016లో ఎరిక్ బరోన్ అను ఒక్కడే తయారుచేసి విడుదల చేసిన వ్యవసాయపు ఆట స్టార్‌డ్యూ వ్యాలీ సేవ్ ఫైళ్లును ఆ రోమింగులోనే దాని పేరిట నుండును. తక్కిన ఆటల సంగతి పిల్లలనే వెదకి చెప్పుమనవలెను. ఫోల్డరు కనబడగానే, ఆటను పూర్తిగా మూసి, ఆ ఫోల్డరు నంతటిని నకలు తీయవలెను. ఆట తెఱచి యుండగా తీసిన నకలు సగము వ్రాసిన ఉత్తరము వంటిదై పనికిరాకపోవచ్చును.

"ఆట కొన్న దుకాణమే అన్నియు దాచును కదా" యని కొందఱు పిల్లలందురు. ఇది కొంతవఱకే నిజము. 2003లో వాల్వు సంస్థ ప్రారంభించిన స్టీము అను ఆటల అంగడి సేవ్ ఫైళ్లను తన సర్వరులో ఉంచు క్లౌడు ఏర్పాటు చేసినది. కాని ప్రతి ఆటకును ఆ సదుపాయము లేదు. మఱియు క్లౌడు అద్దము వంటిది: ఇచ్చట నున్నదే అచ్చటను ఉండును. ఇచ్చట చెడినది అచ్చటను చెడును, ఇచ్చట తుడిచినది అచ్చటను పోవచ్చును. రెండు చోట్ల రెండు తేదీలు కనబడినపుడు ఏది ఉంచవలెనని స్టీము అడుగును. తొందరపడి నొక్కక తేదీయు వేళయు చదివి బదులు చెప్పుమని పిల్లలకు నేర్పవలెను. స్టీములో బ్యాకప్పు అను సదుపాయ మింకొకటి కలదు. అది ఆట ఫైళ్లను మాత్రమే మూటగట్టును, సేవ్ ఫైళ్లకు పూచీ లేదు. పేరు చూచి మోసపోరాదు.

గనులున్న సీమలో ఒక నియమము పసివారికి కూడ తెలియును. భూగర్భ గనికి బయటికి వచ్చుటకు రెండు దారులు లేనిదే లోపల పని చేయింపరాదు. ఈ నియమము ఊరక పుట్టినది కాదు. 1862 జనవరిలో ఇంగ్లండులోని హార్ట్లీ బొగ్గుగనిలో నీరు తోడు యంత్రపు దూలము విఱిగి, ఉన్న ఒక్క బావిలో పడి దారి మూసినది; లోపలనున్న పురుషులును బాలురును కలసి 204 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ యేడే అచ్చట రెండు దారుల చట్టము వచ్చినది. మన దేశములో 2017 నాటి బొగ్గుగనుల నిబంధనలును అట్లే చెప్పుచున్నవి. ప్రాణములకును ఆటకును సామ్యము లేదు. కాని విలువైనదానిని ఒక్క దారిని నమ్మి యుంచరాదను సూత్రము రెంటికి నొక్కటియే. కంప్యూటరు పండితులు దీనినే మూడు రెండు ఒకటి యని చెప్పుదురు: మొత్తము మూడు ప్రతులు, రెండు రకముల పరికరములలో, అందొకటి ఇంటి వెలుపల.

దీనిని మన యింట జరుపుట కష్టము కాదు. మొదటి ప్రతి కంప్యూటరులోనిదే. రెండవది విడి హార్డు డిస్కులోనో పెన్‌డ్రైవులోనో నకలు తీసి బీరువాలో ఉంచునది. మూడవది ఆన్‌లైను నిలువలో గాని, హాస్టలులో నున్న అన్న ల్యాప్‌టాపులో గాని, మేనమామ యింట గాని ఉంచునది. నకలు ఫోల్డరునకు ఆట పేరును తేదీని పేరుగా పెట్టవలెను. క్రొత్త నకలు తీయగానే పాతదానిని చెఱపక, రెండు మూడింటిని నిలుపవలెను. చెడిన సేవ్ ఫైలును తెలియక నకలు తీసినచో పాత ప్రతియే కాపాడును. నెలకొకసారి, పాలచీటి లెక్క చూచుకొను దినముననే, ఈ పనియు చేసినచో మఱపు రాదు. అప్పుడప్పుడు ఒక నకలును తెఱచి ఆట నడచుచున్నదో లేదో చూడవలెను. తెఱచి చూడని నకలు ఉన్నదో లేదో చెప్పలేము.

పరికరముల గుణము కూడ తెలియవలెను. కొన్ని పెన్‌డ్రైవులు ఫ్యాట్ 32 అను పద్ధతిలో నుండును. వానిలో 64 జీబీల చోటున్నను, 4 జీబీల కంటె పెద్దదైన ఒక్క ఫైలును పట్టవు. ఇన్‌స్టాలరు ఎక్కక "ఫైలు పెద్దది" యని చెప్పినచో డ్రైవు చెడిపోయినదని పాఱవేయక, దానిలోని వస్తువులు వేఱొక చోట ఉంచి ఎక్స్‌ఫ్యాటు పద్ధతికి మార్చుకొనవలెను. హార్డు డిస్కులో పళ్లెములు వేగముగా తిరుగుచుండును. పనిచేయుచుండగా కదల్పరాదు, క్రింద పడవేయరాదు. ఎస్‌ఎస్‌డీలో తిరుగునదేదియు లేదు. కాని ఏండ్ల తరబడి కరెంటు తగులక పడియున్నచో అందలి వ్రాత చెఱగుట కలదు. రామగుండము ఎండ 45 డిగ్రీలు దాటు దినములలో దీనిని కిటికీ యొద్దను, టీవీ మీదను ఉంచరాదు. బొగ్గుదుమ్ము యంత్రపు ఫ్యానును మూసి వేడిని పెంచును గనుక నెలకొకసారి యంత్రము నాపి మెత్తని కుంచెతో దులుపవలెను. సేవ్ వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైలు చెడవచ్చును. డెస్కుటాపునకు చిన్న యూపీఎస్ ఉండుట మేలు.

ఆట నెచ్చట నుండి తెచ్చుకొనవలెను? ఉచితమని దొంగప్రతులు దింపుకొనుట 1957 కాపీరైటు చట్టము ప్రకారము నేరము. అదియు గాక, ఇట్టివి తఱచు యాంటీవైరసును ఆపివేయుమని కోరును. కావలివానిని పంపివేయుమను అతిథిని ఇంటిలోనికి రానిచ్చెదమా? అదే యంత్రములో బ్యాంకు పనులును జరుగుచున్నవి. కొన్న ఆటయు ఎల్లప్పుడు మనదే యని చెప్పలేము. యూబీసాఫ్టు వారి ది క్రూ అను ఆట 2014లో వచ్చినది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపగా, డబ్బిచ్చి కొన్నవారికిని ఆడ వీలులేకపోయినది. ఇన్‌స్టాలరు దాచినను అట్టి ఆట నడువదు. 2008లో వెలసిన గాగ్ అను అంగడి మాత్రము ఇంటర్నెట్టు లేకయు నడచు ఇన్‌స్టాలర్ల నిచ్చును. వానిని డిస్కులో దాచుకొన్నచో యంత్రము మాఱినను మఱల ఎక్కించుకొనవచ్చును. కొనుటకు ముందు ఈ భేదము విచారించుట మంచిది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ సహాయము ముగిసినది. అందుచే అనేక గృహములలో యంత్రములను మార్చుటయు, తుడిచి క్రొత్తగా ఎక్కించుటయు జరుగుచున్నది. పిల్లవాడు హాస్టలునకు పోవునపుడును, తండ్రి పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేయునపుడును ఇట్లే జరుగును. బియ్యపు మూటలు, వంటపాత్రలు, పటములు లెక్కబెట్టి కట్టుకొను మనము, "నీ ఆటలలో దాచవలసినదేమైన ఉన్నదా?" అని ఆ బిడ్డను ఒక్క మాట యడిగినచో చాలును. ఈ పద్ధతి ఆటకు నేర్చినను, ఇంటి ఫోటోలకును, సర్టిఫికెట్లకును, పింఛను కాగితములకును అట్లే పనికివచ్చును. ఆ బాలిక ఇప్పుడు మఱియొక ఊరు కట్టుచున్నది. రేవుమెట్లు పూర్తియైనవి. ఆ ఫోల్డరు నకలు తేదీ వేసి తల్లి బీరువాలో నొకటియు, వరంగల్లులో చదువుచున్న మేనత్త కుమారుని యొద్ద నొకటియు నున్నవి.