సెలవులలో పొరుగూరి విస్తరి

సెలవులకు ప్రయాణమనగానే మన యిండ్లలో అటకమీదినుండి మొట్టమొదట దిగునవి డబ్బాలు. పులిహోరకొకటి, చక్కిలములకొకటి, కందిపొడికొకటి. ఆవకాయకు మూత బిగువైన సీసా. అడుగున చిన్న కుక్కరు, కరెంటు పొయ్యి. మగవారు టిక్కెట్లు కొని తమ వంతు తీరినదనుకొందురు. ఇల్లాలు మాత్రము తన వంటయింటిని మూటగట్టుకొని బయలుదేరును. ఆ మూట విప్పినచోటనే ఆమె సెలవు ముగియును.

రెండేండ్ల క్రిందట మేము బంధువులతోడను స్నేహితులతోడను గూడి అరకులోయకు పోతిమి. రైలు సొరంగములు దాటునప్పుడు పిల్లలు వేసిన కేకలు వింటిని. అదితప్ప నేను చూచినది బసలోని వంటగది కిటికీనుండి కనబడిన యొక కొండ భుజము మాత్రమే. బొర్రా గుహలకు అందరును పోయిరి. నేనును మా వదినయు పదునలుగురికి చారు కాచుచు ఉండిపోతిమి. ఎవరును మమ్ము ఉండుమనలేదు. రమ్మని గట్టిగా అన్నవారును లేరు. ఇంటికి వచ్చిన పిమ్మట ఫొటోలు చూచుచు మా చిన్నమ్మాయి, "అమ్మా, నువ్వు ఒక్కదాంట్లోనూ లేవేం?" అని అడిగెను.

కావున ఈ సంక్రాంతికి కోనసీమ పోవుట నిశ్చయమైనప్పుడు నేనొక షరతు పెట్టితిని. పొయ్యి రాదు, ఆ సీమవారు ఏమి తిందురో మనమును అదియే తినవలెను. నా భర్త సరేననిరి. వదిన పొంగిపోయెను. మాతో రానున్న పొరుగింటి దంపతులు చేపల ప్రియులగుటచే మరింత సంతోషించిరి. మా యత్తగారు మాత్రము మాటాడలేదు. ఆమె మామగారు పోయిననాటినుండి, అనగా 19 ఏండ్లుగా, దేవాలయ ప్రసాదము తప్ప బయటి యన్నము ముట్టి యెరుగరు. వయస్సు 76. దానిపై మధుమేహము. నా విశ్రాంతిని గూర్చి అంత ధీమాగా పలికిన నేను, ఆమె యేమి తినునని ఒక్క నిమిషమైనను ఆలోచింపలేదు. ఈ సంగతి నాకు రైలులో కూర్చున్న పిమ్మట తట్టినది.

భోగినాటి ఉదయమున రాజమహేంద్రవరములో దిగి, ధవళేశ్వరము ఆనకట్టమీదుగా బొబ్బర్లంక వైపు సాగితిమి. ఆర్థరు కాటను దొర పూనికతో ఇచ్చట మొదటి ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఇప్పుడు మనము దాటునది 1982 నాటి కట్టడము. గోదావరి యిచ్చటనుండి పాయలై చీలును. గౌతమి, వసిష్ఠ, సముద్రము, ఈ మూటి నడుమనున్న నేలయే కోనసీమ. వరి, కొబ్బరి, అరటి, కంద, పనస: ఆ సీమ వంటకములన్నియు ఈ నీటి చలువయే.

దారిలో ఆత్రేయపురమున ఆగితిమి. పూతరేకులు తినని తెలుగువారుండరు గాని, రేకు పుట్టుట చూచినవారు కొద్దిమందియే. ఒక యింటి వసారాలో నలుబదియేండ్ల యామె పొయ్యియెదుట కూర్చుండియుండెను. పొయ్యిమీద పెద్ద కుండ బోర్లించియున్నది. క్రింద ఎండు కొబ్బరాకుల మంట. నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, నీళ్లపాలవలె పలుచన చేసిన పిండి ప్రక్కన నుండెను. జయ బియ్యమైననే రేకు చక్కగా వచ్చునట. పలుచని గుడ్డపేలికను పిండిలో ముంచి, రెండు కొసలు పట్టి, కుండమీదుగా ఒక్కసారి లాగెను. రెప్పపాటులో కుండపై పొర లేచినది. వ్రేలితో అంచు రేపి దానిని అట్లే ఎత్తి ప్రక్కన పెట్టెను. వెనుకనుండి వెలుగు చూచిన అది కాగితము. నోటబెట్టుకొన్న ఏమియు లేదు. దానిపై నేయి రాచి, పంచదారపొడియో బెల్లపుపొడియో చల్లి, పొరలు పొరలుగా మడిచిన పిమ్మటగాని అది మిఠాయి కాదు.

మా వదిన బేరములో దిట్ట. ధర వినగానే అలవాటు చొప్పున సగము చెప్పెను. ఆమె కోపపడలేదు. "ఈ మంట దగ్గర ఒక్క గంట కూర్చోండమ్మగారూ. ఆ తరవాత మీరన్న ధరే ఇవ్వండి, ఆయ్" అనెను. వదిన మొగము ఎఱ్ఱబడినది. నేను గంటసేపు కాదుగాని పది నిమిషములు కూర్చుంటిని. ఆరు గుడ్డలు లాగితిని. ఆరు రేకులును చినిగినవి. మోచేతివరకు వేడి కాల్చినది. మా అమ్మాయి ఫొటో తీసెను. అడిగిన ధర యిచ్చి, మేము తినగలిగినంతకు రెండింతలు కొంటిమి. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. మరియొక యూరివారు ఆ పేరుతో అమ్మరాదు. పేరునకు రక్ష కలిగినది, మంచిదే. ఆ మోచేతులకును ఏదైన రక్ష యుండిన బాగుండునని నాకు తోచినది. "మీరు రోజూ తింటారా?" యని అడుగగా ఆమె నవ్వి, "పొద్దస్తమానం దీని మొహమే చూస్తే ఇక తినబుద్ధేస్తుందాండీ?" అనెను. ఆ మాట నాకు బాగుగ తెలిసినదే.

ఆనాటి రాత్రి అమలాపురము చేరువనున్న యొక పాత మండువా యింటిలో మా బస. ముందుగా చెప్పియుంచినందున ఆ గ్రామపు గృహిణి యొకామె మాకు భోజనము వండి యుంచెను. సన్నగా కొట్టిన పనసపొట్టులో ఆవపెట్టిన కూర, కందా బచ్చలి, పచ్చికొబ్బరి పచ్చడి, ముద్దపప్పు, దప్పళము. పనసపొట్టు కొట్టుట యెంత పనియో యెరిగినవారికి ఆ కూర విలువ తెలియును. ఆవఘాటు ముక్కునకెక్కి పిల్లలు కన్నీళ్లు పెట్టుకొని, మరల వడ్డించుమనిరి. నేను 20 ఏండ్ల తరువాత, వండకయే విస్తరిముందు మొదటి పంక్తిలో కూర్చుంటిని. కాని ముద్ద దిగలేదు. ఎదుట అరుగుమీద మా యత్తగారు పాలలో నానవేసిన అటుకులును అరటిపండు ముక్కయు తినుచుండిరి.

రాత్రి అందరును నిద్రించిన పిదప నేను వంటగదిలోనికి పోయి ఆ యింటి గ్యాసుపొయ్యి తుడుచుచుండగా ఆమె వెనుకనుండి వచ్చిరి. "ఏం చేస్తున్నావు?" అనిరి. రేపటికి ఆమెకై గుప్పెడు బియ్యము వేసెదనంటిని. "నీ మాట నువ్వు నిలబెట్టుకో. నా సంగతి నేను చూసుకుంటాను. నీ యీడులో నేనూ పదిమందితో కాశీకి పోయాను, గంగ చూసింది తక్కువ, గిన్నెలు తోమింది ఎక్కువ" అని పోయి పరుండిరి. ఆమె కాశీ కథ ఇన్నాళ్లును వినని నేను అచ్చటనే చాలసేపు నిలుచుంటిని.

పండుగనాడు ఆమె ఆహారము అట్లే జరిగినది. మందు వేసికొనువారికి భోజనవేళ తప్పిన రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవును గనుక, గంటలు లెక్కబెట్టి నేనే పండ్లు, పెరుగు అందించుచుంటిని. సోదరీమణులారా, డబ్బాలన్నియు మానుమని నేను చెప్పను. వృద్ధులకును పసిపిల్లలకును ఒక డబ్బా ఉండవలసినదే. కాచి చల్లార్చిన నీరును ఉండవలసినదే. బెల్లపు మిఠాయి మధుమేహమునకు చెఱుపు చేయదని చెప్పువారి మాట నమ్మవలదు, బెల్లమును చక్కెరయే.

మరునాడు కనుమ. కనుమనాడు కాకియైనను కదలదని మా యత్తగారు ప్రయాణమునకు అడ్డుపడిరి. ఆ యింటి కాపలా ముసలివాడు నవ్వి, "మా సీమలో ఈయేళ దేవుళ్లే కదులుతారండి" అనెను. నిజమే. ఆనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థము. పదునొకండు గ్రామముల ప్రభలు భుజములమీద ఆ తోటకు చేరును. దేవుళ్లే కదలినప్పుడు తాను కదలవచ్చునని ఆమె సమ్మతించిరి.

తీర్థము మధ్యాహ్నమునకు. ఉదయము అంబాజీపేటలో పొట్టిక్కల దుకాణమువద్ద ఆగితిమి. నాలుగు పనసాకులను కొబ్బరి ఈనెలతో కుట్టి చిన్న బుట్టచేసి, అందులో ఇడ్డెనపిండి పోసి ఆవిరిపై ఉడికింతురు. ఇడ్డెనకంటె పొడవు, పైన ఆకు ఈనెల అచ్చు, విప్పగానే పనసాకు వాసన. కొబ్బరి పచ్చడితోడను, నేయి కారపుపొడితోడను తిందురు. ఇడ్డెనలో అంత భేదమేమి యుండునని నేనును అనుకొంటిని. ఆకు చేయు మేలు తిన్నపుడుగాని తెలియదు. వేడివేడిగా తినవలెను, మూటగట్టి తెచ్చుకొన్న రెండు, సాయంకాలమునకు ఉత్త ఇడ్డెనలే అయినవి.

మేము తినుచుండగా మా యత్తగారు కొంతసేపు ఎడముగా నిలిచి చూచి, బుట్టలు కుట్టుచున్న వృద్ధురాలి ప్రక్కకు పోయిరి.

"పిండి ఎప్పుడు రుబ్బారు?"

"రాత్రి రుబ్బానండి. తెల్లారగట్ల పోశానండి."

"ఆకులు?"

"మన చెట్టువేనండి. రెండు నీళ్లు కడిగినవి."

ఆమె యొక బుట్టను చేతనుంచుకొని కుట్టు పరీక్షించిరి. "కనుమనాడు మినుము తినాలి. ఇదీ మినుమేగా" అని, ఎవరివైపును చూడక బల్లమీద కూర్చుండిరి. రెండు తినిరి. నా భర్త ఏదో పరిహాసమాడబోగా వారి పాదము త్రొక్కితిని. ఆమె నియమమునుగూర్చి ఆనాడుగాని తరువాతగాని మా యింటిలో ఎవరును ప్రస్తావింపలేదు. మధ్యాహ్నమునకు మరల పెరుగు అటుకులే.

పొరుగింటివారికి మాత్రము కొంత ఆశాభంగము. వారు పులసకై వచ్చిరి. పులస వరదకాలపు చేప. సముద్రమున విలసయై యుండి, జులై మొదలు సెప్టెంబరు వరకు గ్రుడ్లు పెట్టుటకు గోదావరి కొత్తనీటికి ఎదురీదివచ్చును. ఆ మంచినీటిలోనే దానికి పులస రుచి కలుగునందురు. జనవరిలో దొరకునన్నవాడు మరియొకచోటి చేపను ఆ పేరుతో అమ్ముచున్నాడని తెలిసికొనవలెను. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని ఈ సీమ సామెత; ఎవరి పుస్తెలో, తిన్నదెవరో సామెతలో లేదు. వారు బుద్ధిమంతులు, రొయ్యల వేపుడుతో తృప్తిపడిరి.

జగ్గన్నతోటలో గంగలకుర్రువారి ప్రభ కౌశికపాయను దాటునప్పుడు నేను గట్టుననే యుంటిని. నీరు మోకాళ్లు దాటి రొమ్ములవరకు వచ్చినను మోయువారు ప్రభను ఒరుగనీయలేదు. ఆ సమయమున ఇంటిలో పొయ్యిమీద ఏమున్నదో యన్న తలపు నాకు రాలేదు. తీర్థములో జీళ్లు, ఖర్జూరము కొని పిల్లలు జేబులు నింపుకొనిరి.

తిరుగు రైలులో మా యత్తగారు చేసంచినుండి ఎండిన పొట్టిక్కబుట్ట నొకటి తీసిరి. కుట్టు విప్పి, ఆకులను వరుసగా ఒడిలో పరచి, మరల కుట్టిరి. మూడవమారునకు సరిగా కుదిరినది. హైదరాబాదులో మా వీథిచివర దేవాలయమునందు పనసచెట్టున్నది. పూజారిగారిని అడిగి ఆకులు తెచ్చితిమి. ఈనెలు మాత్రము ఎంత వెదకినను దొరకలేదు. చివరకు బజారున కొబ్బరి చీపురొకటి కొని, నేల తాకింపకయే విప్పితిమి.