పని మీదే, చూపే హక్కు ఎవరిది? ఆన్‌లైన్ పోర్ట్‌ఫోలియోలో తెలియని చిక్కులు

గ్రాఫిక్ డిజైన్, యానిమేషన్, ఫొటోగ్రఫీ, అనువాదం వంటి సృజనాత్మక రంగాల్లో ఉద్యోగానికి పట్టా ప్రతి ఒక్కటే చాలడం లేదు. చేసిన పనిని చూపే లింకును దరఖాస్తుకు జతచేయాలని సంస్థలు కోరుతున్నాయి. అడోబి సంస్థకు చెందిన బిహాన్స్ మొదలుకొని సొంత వెబ్‌సైట్ల వరకు ఇందుకు వేదికలకు కొదవ లేదు. అయితే ఆ పనిని బహిరంగంగా చూపే హక్కు తనకు ఉందా అన్న ప్రశ్న అభ్యర్థికి తరచు తట్టదు. తన చేతులతో చేసిన పని తనదే అవుతుందని చాలామంది నమ్మకం. కాపీరైట్ చట్టం, 1957 అన్ని సందర్భాల్లోనూ అలా చెప్పదు.

ఈ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం కృతికి తొలి హక్కుదారు సాధారణంగా దాని సృష్టికర్తే. కానీ ఉద్యోగ విధుల్లో భాగంగా రూపొందించిన కృతికి, వేరే ఒప్పందం లేనిపక్షంలో, యజమానే తొలి హక్కుదారు. ప్రకటనల సంస్థలో నెలజీతంపై పనిచేస్తూ గీసిన పోస్టర్ ఆ సంస్థదన్నమాట. ప్రతిఫలం తీసుకుని ఒకరి కోరికపై తీసిన ఫొటో, గీసిన చిత్తరువు, నిర్మించిన చలనచిత్రం కూడా వేరే ఒప్పందం లేకుంటే చేయించుకున్నవారివే. పెళ్లి ఫొటోలను తన పేజీలో పెట్టుకోదలచిన ఫొటోగ్రాఫర్ ముందుగా ఆ కుటుంబాన్ని అడగడం మర్యాద మాత్రమే కాదు, చట్టరీత్యా కూడా అవసరమే.

పత్రికా ఉద్యోగుల విషయంలో చట్టం కాస్త ఉదారంగా ఉంది. ఉద్యోగంలో భాగంగా రాసిన వ్యాసంపై, వేసిన కార్టూన్‌పై యాజమాన్యానికి దక్కేది పత్రికల్లో ప్రచురణకు సంబంధించిన హక్కు వరకే. తక్కిన విషయాల్లో తొలి హక్కుదారు సృష్టికర్తే. నియామక పత్రంలో భిన్నమైన షరతు ఉంటే మాత్రం అదే చెల్లుతుంది. ఆ షరతును సంతకం చేసేవేళ ఎంతమంది చదువుతారన్నది వేరే సంగతి.

కాపీరైటు చేయి దాటినా పేరు చేయి దాటదు. హక్కులన్నీ రాసిచ్చిన తరువాత కూడా కృతి తనదని చెప్పుకునే అధికారాన్ని 57వ సెక్షన్ సృష్టికర్తకు మిగిల్చింది. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతం చేస్తే ప్రశ్నించే వీలూ కల్పించింది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ రూపొందించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించారు. ఈ వ్యవహారంలో ఢిల్లీ హైకోర్టు 2005లో ఈ సెక్షన్ ఆధారంగానే శిల్పి పక్షాన తీర్పు చెప్పింది. శిల్పాన్ని తిరిగి అప్పగించి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఉద్యోగార్థికి దీనివల్ల ఒరిగేదేమిటి? పోస్టర్ బొమ్మను అనుమతి లేకుండా వెబ్‌సైట్‌లో పెట్టలేకపోయినా, ఆ పోస్టర్‌కు అక్షరాలు దిద్దినది తానేనని దరఖాస్తులో రాసుకోవచ్చు. గోప్యతా ఒప్పందం ఉన్నచోట మాత్రం ఆ మాట చెప్పడానికీ గడువు ఉండవచ్చు. విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో సినిమా విడుదలయ్యేదాకా ఒక్క షాట్ కూడా బయట పెట్టకూడదన్న నియమం సర్వసాధారణం. విడుదల తరువాత కూడా అనుమతి అడిగి తీసుకోవలసిందే. పైగా ఒక షాట్ వెనుక అనేకమంది చేతులుంటాయి. షోరీల్‌లో ప్రతి షాట్ కింద తాను చేసినదేమిటో, అది రోటో పనా, కంపోజిటింగా అని రాసినవారినే నియామక బృందాలు నమ్ముతాయి. అంతా తానే చేసినట్టు చూపితే ముఖాముఖిలో రెండో ప్రశ్నకే బండారం బయటపడుతుంది.

అనువాదకుల పరిస్థితి మరీ చిత్రం. ఖాతాదారు పత్రాలు గోప్యం కనుక చూపరాదు. నచ్చిన నవలలోంచి ఒక అధ్యాయం అనువదించి ఆన్‌లైన్‌లో ఉంచుదామంటే, అనువాదహక్కు మూలరచన హక్కుదారుది. మన దేశంలో సాహిత్య కృతులపై కాపీరైటు రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1979లో కన్నుమూసిన చలం రచనలకు 2039 చివరి వరకు, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకు ఆ రక్షణ ఉంది. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం జీవితకాలంలో ప్రచురించిన రచనలను అనువదించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నమూనా కోసం వెదికేవారు అక్కడ మొదలుపెట్టడం క్షేమం. పాతకాలపు తెలుగును నేటి ఇంగ్లిషులోకో హిందీలోకో మార్చగలగడం, పరీక్షించేవారి దృష్టిలో చిన్న అర్హతేమీ కాదు.

హక్కుల చిక్కు తీరిన తరువాత, ఆ పని ఎదుటివారి తెరపై సరిగా కనబడాలి. తెలుగులో ఇదీ చిన్న విషయం కాదు. అను వంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన పాఠాన్ని నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే తెలుగుకు బదులు అర్థం కాని గుర్తులు ప్రత్యక్షమవుతాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఫాంటును పొందుపరచిన పీడీఎఫ్‌గా ఇవ్వాలి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫొటోషాప్‌లో భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరాల నుంచి విడిపోతాయి. తెలుగు తెలిసిన పరిశీలకుడి కన్ను ముందుగా పడేది ఆ విరిగిన ఒత్తు మీదే.

లింకు సంగతీ అంతే. గూగుల్ డ్రైవ్‌లో ఉంచిన ఫైలుకు అనుమతి అమర్చకపోతే, తెరిచినవారికి పని బదులు అనుమతి కోరమనే పేజీ కనబడుతుంది. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టిన వీడియో వెదికితే దొరకదు గానీ, లింకు చేతికందిన ఎవరైనా చూడగలరు. గోప్యమైన షాట్లు అక్కడ దాగి ఉన్నాయనుకోవడం పొరపాటు. దరఖాస్తు పంపేముందు తన ఖాతాతో సంబంధం లేని వేరొకరి ఫోనులో ఆ లింకును ఒకసారి తెరిచి చూసుకోవాలి.