శవం లేచినప్పుడు నవ్వెందుకు? - జాంబీ ప్రహసనాల ఆకర్షణ

తెలుగు పల్లెల్లో 'శవం లేచింది' అంటే అంతిమయాత్ర బయలుదేరిందని అర్థం. ఈ వ్యాసానికి విషయమైన సినిమాల్లో మాత్రం శవం అక్షరాలా లేస్తుంది. లేచి నడుస్తుంది, కరుస్తుంది, కాళ్లూ చేతులూ ఊడిపోతున్నా ఆగదు. తెర నిండా నెత్తురు పారుతుంటే ప్రేక్షకులు పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు. ఇటువంటి సినిమాలను ఇష్టపడే పిల్లలను చూసి పెద్దలు 'ఇదేం పైశాచికానందం!' అని కలవరపడడం సహజమే. ఆ కలవరాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. నెత్తురు చూసి నవ్వడం మనసులోని క్రూరత్వానికి గుర్తా, లేక ఆ నవ్వుకు వేరే ఆధారమేమైనా ఉన్నదా అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

పుట్టుపూర్వోత్తరాలు

జాంబీ అన్న మాట హైతీ ప్రజల నమ్మకాల నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. మంత్రగాడు శవాన్ని లేపి దానిచేత చాకిరీ చేయించుకుంటాడన్నది అక్కడి నమ్మకం. తరాల తరబడి బానిసత్వం అనుభవించిన జాతికి, చచ్చినా చాకిరీ తప్పదన్న ఊహకంటే ఘోరమైనది ఇంకేముంటుంది? 1932లో వచ్చిన 'వైట్ జాంబీ' ఈ నమ్మకాన్నే తెరకెక్కించింది. 1968లో అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' చిత్రంతో దీని స్వరూపమే మార్చివేశాడు. బానిస శవం పోయి, మనుషులను తినే శవాల మూక వచ్చింది. విచిత్రమేమంటే ఆ చిత్రంలో జాంబీ అన్న మాటే వినిపించదు.

ఈ భయంలోంచి హాస్యం క్రమంగా తలెత్తింది. రొమేరో 1978లో తీసిన 'డాన్ ఆఫ్ ద డెడ్'లో శవాలు అలవాటు కొద్దీ షాపింగ్ మాల్‌లో తిరుగాడతాయి. 1985లో డాన్ ఒబానన్ 'ద రిటర్న్ ఆఫ్ ద లివింగ్ డెడ్', 1987లో శామ్ రైమీ 'ఈవిల్ డెడ్ 2' వచ్చాయి. 1992లో న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ తీసిన 'బ్రెయిన్ డెడ్' ఈ ధోరణికి పరాకాష్ఠ అనవచ్చు. తరువాత 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చిత్రాలు తీసి, వాటిలో మూడవదానికి 2004లో 11 ఆస్కార్ బహుమతులు సాధించిన జాక్సన్ ఈయనే.

రసం, రసాభాసం

భరతుని నాట్యశాస్త్రం ప్రకారం బీభత్స రసానికి స్థాయీభావం జుగుప్స. బీభత్సం నుంచి భయానకం పుడుతుందనీ, శృంగారం నుంచి హాస్యం పుడుతుందనీ భరతుడు చెప్పాడు. వ్యాఖ్యాత అభినవగుప్తుడు మరొక అడుగు ముందుకు వేశాడు. ఏ రసమైనా ఔచిత్యం తప్పి ఆభాసమైనప్పుడు హాస్యానికి దారితీస్తుందన్నాడు. జాంబీ ప్రహసనాలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే సూటి అయిన సూత్రం దొరకదు.

వేలు తెగి చుక్క నెత్తురు కారితే చూసేవాడికీ చురుక్కుమంటుంది. మనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. అంతా కారిపోతే గుండె ఝల్లుమంటుంది. బిందెల కొద్దీ, గోడలు తడిసి నేల జారేటంతగా పారితే మాత్రం అది గాయం నుంచి వచ్చినదన్న భ్రాంతి తెగిపోతుంది. 'బ్రెయిన్ డెడ్' చివర కథానాయకుడు లయొనెల్ గడ్డి కోసే యంత్రాన్ని ఎత్తి పట్టుకుని జాంబీల గుంపులోకి నడుస్తాడు. అక్కడ మనం చూసేది నొప్పిని కాదు, కొలతను మించిన కొలతను. జుగుప్స తన ఔచిత్యాన్ని దాటి ఆభాసమైంది.

రెండవ కారణం, నొప్పికి యజమాని లేకపోవడం. 'ఈవిల్ డెడ్ 2'లో కథానాయకుని చేతికి దుష్టశక్తి పట్టి, అది అతని మీదికే తిరగబడుతుంది. అతడు ఆ చేతిని రంపంతో కోసివేస్తాడు. దాన్ని బకెట్ కింద మూసి, పైన పుస్తకాలు బరువుగా పెడతాడు. అన్నిటికీ పైన కనబడేది హెమింగ్వే నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్'. ఆర్మ్స్ అంటే ఆయుధాలు, చేతులు కూడా. చేతికి వీడ్కోలన్నమాట! శరీరం ఇక్కడ వస్తువుగా మారింది. వస్తువు జారిపడితే, విరిగితే నవ్వుతాం గాని ఏడవం.

పరణి కావ్యంలో అంబలి

ఇది పాశ్చాత్యుల వింత అభిరుచి అనుకోనక్కరలేదు. 12వ శతాబ్ది తొలినాళ్లలో చోళరాజు మొదటి కులోత్తుంగుని సేనలు కళింగం మీద సాధించిన విజయాన్ని జయంకొండార్ 'కలింగత్తుప్పరణి' అనే తమిళ కావ్యంగా రచించాడు. ఈ కులోత్తుంగుడు మనకు పరాయివాడు కాడు. నన్నయకు ఆశ్రయమిచ్చిన వేంగీ ప్రభువు రాజరాజనరేంద్రుని కుమారుడు. కావ్యంలో ఆకలితో నకనకలాడే పిశాచాలు రణభూమికి చేరి, పడి ఉన్న శవాలతో 'కూళ్' (అంబలి) వండుకుని, కులమతాల వారీగా పంక్తులు తీరి తింటాయి. అదంతా ఒక పెద్ద వేళాకోళం. తమిళనాడులో, ఒడిశాలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థులకు ఈ కావ్యం మూడు విధాలా దగ్గరిది. అయితే పరణిలో శవాలు లేవవు, వాటిని తినేవారే మనల్ని నవ్విస్తారు. ఆ తేడాను మరువరాదు.

మన కాలానికి వస్తే, తెలుగువారైన రాజ్, డీకే దర్శకద్వయం 2013లో 'గో గోవా గాన్' పేరుతో హిందీలో జాంబీ హాస్యచిత్రం తీశారు. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'లో రాయలసీమ ముఠాకక్షల కథల చట్రంలోకి జాంబీలను దించాడు. ముఠా సినిమాలో కత్తి లేస్తే పౌరుషం, నెత్తురు పడితే గాంభీర్యం. ఆ కత్తులకు ఎదురుగా పౌరుషమూ పగా ఏమీ లేని శవాన్ని నిలబెడితే ఆ గాంభీర్యం నిలిచే వీలేది?

'ఆమె'యా, 'అది'యా?

ఇంతవరకు చెప్పినది నవ్వుకు కారణం. ఆ నవ్వు ఎక్కడ ఆగుతుందన్నది అంతకంటే ముఖ్యం. 'బ్రెయిన్ డెడ్'లో జాంబీగా మారేది లయొనెల్ తల్లి. ఊరివారికి తెలియకుండా ఆమెను ఇంట్లోనే దాచి, మందులిచ్చి, తిండి పెట్టి సంబాళిస్తుంటాడు. ఈ పరిస్థితిని తెలుగులో చెప్పి చూడండి. 'అమ్మ లేచింది', 'శవం లేచింది': క్రియ ఒక్కటే. తమిళంలో 'అమ్మా ఎళుందాళ్', 'పిణం ఎళుందదు' అని వేరుచేయక తప్పదు. కన్నడంలోనూ అంతే: 'అమ్మ ఎద్దళు', 'హెణ ఎద్దితు'. తల్లి పోయిందని ఒప్పుకోలేని కొడుకు మన 'లేచింది' అన్న క్రియ చాటున ఎంతకాలమైనా దాగవచ్చు. పురుషుని విషయంలో ఆ వెసులుబాటు లేదు. 'లేచాడు' అనాలో 'లేచింది' అనాలో తేల్చుకోవాలి.

ఎడ్గార్ రైట్ 2004లో తీసిన బ్రిటిష్ చిత్రం 'షాన్ ఆఫ్ ద డెడ్'లో సరిగ్గా ఈ ఘట్టమే ఉన్నది. షాన్ మారుతండ్రి కారులో చనిపోయి జాంబీగా లేస్తాడు. ఆ కారులో ఉన్నది నీ భర్త కాదు, ఆయన తాలూకు ఏమీ మిగలలేదని షాన్ తల్లికి నచ్చజెబుతుంటాడు. అంతలో లోపలి జాంబీ చెయ్యి చాచి, బతికుండగా తనకు గిట్టని ఆ సంగీతపు హోరును ఆపివేస్తుంది. హాలంతా నవ్వుతుంది. కాని ఆ నవ్వులో 'ఆపివేసింది' అనాలా, 'ఆపివేశాడు' అనాలా అన్న సందేహం కలుక్కుమంటుంది. కాసేపటికి తల్లి కూడా మారుతుంది. షాన్ చేతికి తుపాకీ వస్తుంది. అప్పుడిక ఎవరూ నవ్వరు.

కనుక ఈ చిత్రాల నవ్వు క్రూరత్వం నుంచి పుట్టినది కాదనే చెప్పవచ్చు. ప్రాణం పోయినవారిని మనిషిగా ఎప్పటిదాకా చూడాలి, శవమని ఎప్పుడు ఒప్పుకోవాలి అన్నది ప్రతి ఇంటా ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న. దాన్ని సూటిగా చూడలేము గనుక నెత్తుటి అల్లరి చాటు నుంచి చూస్తున్నాము. మంచి జాంబీ ప్రహసనం వెయ్యి శవాలను 'అది' అని నవ్వించి, ఒక్కరి దగ్గర ఆ మాట గొంతులో అడ్డుపడేటట్లు చేస్తుంది. ఆ ఒక్కరు లేని సినిమాలో మిగిలేది ఎర్రరంగు మాత్రమే. బతికి ఉన్న మనుషులనే 'అది' అనిపించి నవ్వించే సినిమా ఏదైనా ఉంటే, పెద్దల కలవరం దానికి సరిగ్గా వర్తిస్తుంది. విద్యార్థులు ఈసారి ఇటువంటి చిత్రం చూసినప్పుడు, కథ ఇంట్లో తెలుగులోనూ, బయట తాముంటున్న ప్రాంతపు భాషలోనూ చెప్పి చూడాలి. సర్వనామం ఎక్కడ మారుతున్నదో గమనిస్తే, నవ్వు ఎక్కడ ఆగుతున్నదో తెలుస్తుంది.